అతుకు: ఒక చేతికర్ర పిడి చదివించిన చరిత్ర

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం రాసి ఇమ్మని మన సంఘం కార్యదర్శి గారు కోరారు. నేను చరిత్రకారుణ్ణి కాను. 1973లో తాలూకా ఆఫీసులో ఎల్.డి.సి.గా చేరి, 1985లో మండలాలు వచ్చాక ఎం.ఆర్.ఓ. ఆఫీసుల్లో తిరిగి, 2009లో సీనియర్ అసిస్టెంటుగా పదవీ విరమణ చేసిన గుమాస్తాను. రాజుల సంగతులు, కోటల సంగతులు రాయగల పెద్దలు మన సంఘంలో ఉన్నారు. నేను మాత్రం ఒక చేతికర్ర పిడి గురించి, ఆ పిడి వెనుక ఉన్న డెబ్బై ఏళ్ల చరిత్ర గురించి రాస్తున్నాను. సభ్యులు ఓపికగా చదవ ప్రార్థన.

రెండేళ్ల క్రితం నాకు మోకాలి మార్పిడి ఆపరేషను జరిగింది. అప్పటి నుంచి చేతికర్ర తప్పనిసరి. బజారులో దొరికే కర్రల పిడి నా చేతికి సరిపడదు. కుడిచేతి బొటనవేలు చిన్నప్పుడు గానుగలో నలిగి వంకర పోయింది. మా పెద్దమ్మాయి కూతురు మెకానికల్ ఇంజనీరింగు చదువుతోంది. "నీ చేతికి సరిపడే పిడి నేను చేసిస్తా తాతయ్యా" అంది. బంకమట్టి ముద్ద ఇచ్చి గట్టిగా పిసకమంది. నా వేళ్ల అచ్చు చూసుకుంటూ కంప్యూటరు తెర మీద అలాంటి ఆకారాన్నే, మట్టిని నొక్కినట్టు నొక్కుతూ, లాగుతూ తయారు చేసింది. దాని కింద అల్యూమినియం గొట్టం దూరడానికి ఒక గుండ్రటి బొడిపె పెట్టింది. కాలేజీలో ఉన్న త్రీ-డి ప్రింటరు మీద ప్లాస్టిక్‌తో అచ్చు వేయించి తెచ్చింది.

చేతికి అతికినట్టు కుదిరింది. మూడు వారాలు హాయిగా నడిచాను. తర్వాత లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి సబ్ ట్రెజరీకి వెళ్లి మెట్లు దిగుతుండగా పిడి మెడ దగ్గర ఫట్టున విరిగింది. పక్కనే దిగుతున్న ఒక రిటైర్డ్ టీచరు గారు రెక్క పట్టుకోబట్టి బతికాను. లేకపోతే బతికున్నట్టు సర్టిఫికెట్ ఇచ్చిన పది నిమిషాలకే అది చెల్లకుండా పోయేది.

విరిగిన ముక్కలు చూసి అమ్మాయి మొహం చిన్నబోయింది. కాసేపు తిప్పి తిప్పి చూసి, "ప్లాస్టిక్ తప్పు కాదు తాతయ్యా, తప్పు నాదే. చెక్కిన ఆకారాన్ని తీసుకెళ్లి గొట్టం ముక్క మీద ఊరికే గుచ్చేశాను. రెంటినీ సరిగ్గా కలపలేదు" అంది. ఎలా కలపాలి అని అడిగాను. దానికి సాఫ్ట్‌వేరులో బటన్లు ఉంటాయంది. ఆ బటన్లు ఎవరు కనిపెట్టారని అడిగితే, "ఏమో తాతయ్యా, ఎప్పటి నుంచో ఉన్నాయి" అంది.

ముప్పై ఆరేళ్లు ఫైళ్ల మధ్య బతికినవాణ్ణి. ప్రతి ఉత్తర్వు వెనుక ఒక ఫైలు ఉంటుందని, ప్రతి ఫైలులో కింది నుంచి నోట్ పెట్టినవాడు ఒకడు ఉంటాడని తెలిసినవాణ్ణి. ఊరికే ఉండబుద్ధి కాలేదు. పిల్ల చేత పుస్తకాలు తెప్పించుకుని, అర్థం కానివి అడిగి చెప్పించుకుని, ఆరు నెలలు చదివాను. తెలిసింది రాస్తున్నాను.

మూల దగ్గరే ఎందుకు విరుగుతుంది?

కృష్ణా కాలువల కింద పుట్టిన మనందరికీ ఒక సంగతి తెలుసు. కాలువ మెల్లగా వంపు తిరిగిన చోట గట్టుకు ఏమీ కాదు. ఒక్కసారిగా మలుపు తిరిగిన చోటే నీరు ఒరుసుకుని గట్టు తెగుతుంది. వస్తువులో ప్రవహించే బలం కూడా దాదాపు అంతే. సన్నటి భాగం లావుపాటి భాగంతో పదునైన మూలగా కలిస్తే బలమంతా ఆ మూల దగ్గర పోగవుతుంది. ఇంగ్లిస్ అనే ఆంగ్లేయ ఇంజనీరు 1913లోనే రేకుల్లో రంధ్రాలు, పదునైన మూలలు ఉంటే అక్కడ ఒత్తిడి ఎన్ని రెట్లు పెరుగుతుందో లెక్క కట్టి చూపాడు.

దాన్ని పట్టించుకోకపోతే ఏమవుతుందో రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికావారికి తెలిసింది. వారు 1941–45 మధ్య లిబర్టీ షిప్‌లనే సరుకు ఓడలు 2,710 కట్టారు. తొందర కోసం రివిట్లు మాని వెల్డింగు చేశారు. డెక్కు మీద సరుకు దించే ద్వారాల మూలలు చతురస్రంగా ఉంచారు. చలి సముద్రాల్లో ఉక్కు పెళుసెక్కినప్పుడు ఆ మూలల దగ్గరే పగుళ్లు మొదలయ్యాయి. కొన్ని ఓడలు రెండు ముక్కలయ్యాయి. తర్వాత మూలలను గుండ్రంగా మార్చి, అదనపు పట్టీలు వేశారు.

కనుక రెండు ఆకారాలను నునుపుగా కలపడం అందం కోసం మాత్రమే కాదు. నా పిడి సంగతి కూడా అదే.

కంప్యూటరు రాకముందు

ఓడలు కట్టేవారికి ఈ విద్య శతాబ్దాల నుంచి తెలుసు. పెద్ద హాలు నేల మీద ఓడ ఆకారాన్ని నిలువెత్తు కొలతల్లోనే గీసేవారు. వంపు గీయడానికి పొడవాటి సన్నని చెక్కబద్దను వాడేవారు. కావలసిన బిందువుల దగ్గర సీసపు దిమ్మలు పెట్టి ఆ బద్దను ఆపితే, మధ్యలో అది తనంతట తానే నునుపుగా వంగుతుంది. దాన్నే స్ప్లైన్ అనేవారు. ఆ సీసపు దిమ్మలకు బాతులని ముద్దుపేరు. ఇప్పుడు కంప్యూటరులో గీసే వంపుకూ స్ప్లైన్ అనే పేరే నిలిచిపోయింది.

విమానాలకూ మొదట ఇదే పద్ధతి. చెక్కబద్దతో గీసిన గీతను ఇంకొక ఫ్యాక్టరీకి పంపాలంటే ఆ డ్రాయింగు కాగితమే పంపాలి. కాగితం తేమకు సాగుతుంది, ఎండకు ముడుస్తుంది. అమెరికాలో నార్త్ అమెరికన్ ఏవియేషన్ కంపెనీలో రాయ్ లైమింగ్ అనే ఆయన, మస్టాంగ్ యుద్ధ విమానం ఆకారాన్ని గీతలకు బదులు అంకెల లెక్కలతో నిర్ణయించాడు. 1944లో దాని మీద పుస్తకం కూడా రాశాడు. అంకెకు తేమ పట్టదు. అంకెను ఎన్నిసార్లు నకలు తీసినా నకలు కూడా అసలుతో సమానమే. నకళ్ల విభాగంలో పనిచేసిన మనవాళ్లకు ఈ మాట విలువ వేరే చెప్పనక్కరలేదు.

ఇక చెక్కడం, కలపడం అనే విద్య మన ఇంట్లోనే ఉంది. అప్పటి కృష్ణా జిల్లాలో పనిచేసే రోజుల్లో కొండపల్లి చాలాసార్లు వెళ్లాను. అక్కడి కళాకారులు తెల్లపొణికి కర్రతో బొమ్మ తల వేరుగా, చేతులు వేరుగా, మొండెం వేరుగా చెక్కుతారు. ముక్కలను కలిపేది మక్కు. చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపి నూరిన ముద్ద అది. దాన్ని భుజం మూలలో నింపి, వేలితో సాపు చేసి, ఆరాక రాస్తే చెయ్యి మొండెంలో నుంచే మొలిచినట్టు కనబడుతుంది. తర్వాతే సుద్ద, రంగు. మా అమ్మాయి మొదటి పిడికి మక్కు పెట్టలేదు. నాకు విషయం అర్థమయింది ఇలా.

ఇద్దరు ఫ్రెంచి ఉద్యోగులు

కారు ఆకారం మొదట కాగితం మీద, ఆ తర్వాత మట్టి నమూనాలో తయారవుతుంది. మట్టి నుంచి చెక్క నమూనాకు, దాని నుంచి రేకు వంచే అచ్చుకు వచ్చేసరికి చేతి పని వల్ల ఎక్కడో ఒకచోట తేడా వచ్చేది. ఏది అసలు ఆకారమో తేల్చలేక డిజైన్ చేసినవారికి, అచ్చు చేసినవారికి తగాదా.

ఫ్రాన్స్‌లో సిట్రోయెన్ కార్ల కంపెనీలో 1958లో పాల్ ద కాస్తెల్‌జో అనే యువ గణితవేత్త చేరాడు. 1930లో పుట్టినవాడు. ఆయన 1959లో ఒక పద్ధతి కనిపెట్టాడు. చాలా తేలికైనది, ఎవరైనా కాగితం మీద చేసి చూడవచ్చు. మూడు చుక్కలు పెట్టండి. మొదటిదాన్ని రెండోదానితో, రెండోదాన్ని మూడోదానితో గీత గీసి కలపండి. రెండు గీతల మధ్యబిందువులూ గుర్తించండి. ఆ రెంటినీ ఇంకో గీతతో కలిపి, దాని మధ్యబిందువు గుర్తించండి. అది మీ వంపు మీద ఒక బిందువు. సగం దగ్గర చేసినట్టే పావు దగ్గర, ముప్పావు దగ్గర, ఎక్కడ కావాలంటే అక్కడ చేస్తూ పోతే మొత్తం వంపు వస్తుంది. మొదటి, చివరి చుక్కలను వంపు తాకుతుంది. నడిమి చుక్కను తాకదు, దానివైపు లాగబడుతుంది, అంతే. మన ఆడవాళ్లు మెలికల ముగ్గు వేసేటప్పుడు గీత చుక్కలను తాకకుండా వాటి అదుపులోనే తిరుగుతుంది కదా. ఆ పోలిక పెట్టుకుంటే చాలు. చుక్కను జరిపితే వంపు మారుతుంది. ఇలాంటి వంపులను అడ్డంగా, నిలువుగా అల్లితే ఒక ఉపరితలం వస్తుంది.

కంపెనీ ఆ నివేదికలను రహస్య పత్రాలుగా బీరువాలో పెట్టింది. బయటికి పొక్కనివ్వలేదు.

అదే దేశంలో పోటీ కంపెనీ రెనోలో పియర్ బెజియే అనే ఇంజనీరు ఉన్నాడు. 1910లో పుట్టి, 1933లో అక్కడే చేరి, యంత్రాల విభాగంలో పెద్దవాడైన మనిషి. 1960లో, యాభై ఏళ్ల వయసులో, ఈ సమస్యనే స్వతంత్రంగా పట్టుకున్నాడు. ఆయన తయారు చేయించిన పద్ధతికి యూనిసర్ఫ్ అని పేరు. ఆయనకు తన పని గురించి బయట రాసుకునే వీలు దొరికింది. 1960లలో, 70లలో వ్యాసాలు ప్రచురించాడు. దాంతో ప్రపంచమంతా ఆ వంపులను బెజియే వంపులనే పిలిచింది. ఇప్పటికీ అలాగే పిలుస్తారు. మీరు చదివే కంప్యూటరు అక్షరాల వంపులు కూడా ఆ జాతివే.

ఆయన 1975 వరకు, అంటే 42 ఏళ్లు, అదే కంపెనీలో పనిచేసి రిటైరయ్యాడు. ఈ ఇద్దరి సంగతి మళ్లీ చివర చెబుతాను.

ఘనరూపం అంటే గ్రామ పటమే

పైన చెప్పినవన్నీ ఉపరితలాలు, అంటే పైతొక్కలు. తొక్కకు మందం లేదు, బరువు లేదు. లోపలేదో బయటేదో కంప్యూటరుకు తెలియదు. గేరు పెట్టెలు, పంపులు చేసే ఇంజనీర్లకు అది చాలదు. వారికి దిమ్మ కావాలి, దిమ్మలో రంధ్రం కావాలి, దాని బరువెంతో తెలియాలి.

1970ల మొదట్లో ఇంగ్లాండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో ఇయాన్ బ్రెయిడ్, అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో హెర్బర్ట్ వోల్కర్, ఆరిస్టైడిస్ రెకీచా బృందాలు ఈ పని మొదలుపెట్టాయి. పెట్టెలు, స్తంభాల వంటి ఆకారాలను కూడడం, ఒకదానిలో నుంచి ఇంకొకదాన్ని తీసివేయడం వారి పద్ధతి. బ్రెయిడ్ మిత్రులు షేప్ డేటా అనే సంస్థ తరఫున 1978లో రోములస్ అనే సాఫ్ట్‌వేరు తెచ్చారు. పారాసాలిడ్, ఏసిస్ అని ఆ తర్వాత వచ్చి ప్రసిద్ధమైనవాటికి మూలం ఆ మనుషులే.

కేంబ్రిడ్జి పద్ధతి నాకు చప్పున అర్థమయింది. కారణం, అది అచ్చం మన గ్రామ పటం. ఘనరూపాన్ని ముఖాలుగా, అంచులుగా, మూలలుగా రాసి పెడతారు. ముఖమంటే పొలం, అంచు అంటే గట్టు, మూల అంటే సర్వే రాయి. ఏ పొలానికి ఏ గట్లు, ఏ గట్టుకు అటూ ఇటూ ఏ నంబర్లు, అన్నీ రికార్డులో ఉండాలి. పొలిమేర దగ్గర మాత్రం గట్టు అవతల వేరే ఊరు. గ్రామ పటాన్ని బంతి చుట్టూ చుట్టేశామనుకోండి, అప్పుడు పొలిమేర ఉండదు. ప్రతి గట్టుకూ రెండే పొలాలు, ఒకటి ఎక్కువ కాదు, ఒకటి తక్కువ కాదు. ఆ నియమం తప్పని ఆకారమే ఘనరూపం. నీళ్లు పోస్తే కారనిది అని చెప్పుకోవచ్చు. ఎక్కడైనా గట్టుకు ఒకవైపు పొలం లేకపోతే అక్కడ చిల్లు ఉన్నట్టు. కంప్యూటరుకు లోపలి, బయటి తేడా పోతుంది.

రెండు జాతులు కలిసిన చోట

ఇలా 1970లలో రెండు వేరు వేరు కుటుంబాలు తయారయ్యాయి. కార్లు, విమానాల వారు వంపుల ఉపరితలాలతో పనిచేశారు. యంత్రాల వారు ఘనరూపాలతో పనిచేశారు. రెంటినీ కలపాల్సి వచ్చిన చోట తగాదా మొదలయింది.

ఎందుకంటే, రెండు బల్లపరుపు ముఖాలు ఒకదానినొకటి కోసుకుంటే తిన్నని గీత వస్తుంది. దానికి లెక్క సులువు. రెండు వంపు ఉపరితలాలు కోసుకుంటే వచ్చే గీత సామాన్యమైనది కాదు. కార్ల డిజైనులో మామూలుగా వాడే ఘన తరగతి ముక్కలు రెండు కోసుకుంటే, ఆ గీత బీజగణిత సమీకరణం 324వ ఘాతం దాకా పోతుంది. దాన్ని ఉన్నదున్నట్టు రాసి పెట్టుకునే కంప్యూటరు లేదు. కనుక దగ్గర దగ్గరగా ఉండే ఒక గీతను పెట్టుకుని, "ఇంతవరకు తేడా ఉంటే ఒప్పుకుందాం" అని హద్దు పెట్టుకుంటారు. సర్వేయర్లు గొలుసు కొలతలో కొంత తేడాను అనుమతించినట్టే. ఆ తేడా హద్దు దాటితే రెండు పొలాల మధ్య వెంట్రుకవాసి సందు పడుతుంది. పటం చెల్లదు, ఘనరూపం విడిపోతుంది. రికార్డులో అడుగు తేడా వస్తే అన్నదమ్ములు ఇరవై ఏళ్లు కోర్టుకు తిరగడం చూసినవాళ్లం. వెంట్రుకవాసి తేడాతో పెద్ద పెద్ద డిజైన్లు ఆగిపోయేవంటే నాకేమీ ఆశ్చర్యం వేయలేదు.

రెండు కుటుంబాలకూ ఒక ఉమ్మడి భాష కూడా అవసరమయింది. మామూలు బెజియే వంపు ఖచ్చితమైన వృత్తాన్ని గీయలేదు, దాదాపు వృత్తాన్నే గీయగలదు. యంత్రాల వారికి వృత్తం లేనిదే పొద్దు గడవదు. అమెరికాలోని సిరక్యూస్ విశ్వవిద్యాలయంలో కెన్ వెర్‌స్ప్రిల్ అనే విద్యార్థి 1975లో సమర్పించిన సిద్ధాంత గ్రంథంలో దీనికి దారి చూపాడు. ఒక్కొక్క చుక్కకు ఒక్కొక్క బరువు ఇవ్వడం అందులో కీలకం. నర్బ్స్ అనే పొట్టి పేరుతో ఆ పద్ధతి స్థిరపడింది. వృత్తమూ, గొట్టమూ, కారు ముక్కూ అన్నీ ఒకే రకం ఫారంలో నింపవచ్చు. 1980ల నుంచి కంపెనీలు డ్రాయింగులు ఇచ్చిపుచ్చుకునే సర్వసాధారణ ఫారం అదే అయింది.

నునుపులో మూడు మెట్లు

ఫారం ఒకటైనంత మాత్రాన అతుకు మాయం కాదు. నునుపులో మెట్లు ఉన్నాయని నాకు పిల్ల చెప్పే వరకు తెలియదు.

మొదటి మెట్టు, రెండూ తాకడం. సందు లేదు, కానీ మూల ఉంది. గోడా గోడా కలిసినట్టు. రెండో మెట్టు, రెండూ కలిసే చోట దిశ ఒకటే కావడం. మూల పోయింది. మూడో మెట్టు, దిశతో పాటు వంపు తీవ్రత కూడా ఒకటే కావడం.

రెండో దానికీ మూడో దానికీ తేడా రైలులో తెలుస్తుంది. తిన్నని పట్టాను ఒక్కసారిగా గుండ్రటి వంపుకు కలిపితే, దిశ సరిపోయినా పెట్టెలో కూర్చున్నవాడు పక్కవాడి మీద పడతాడు. అందుకే రైల్వే వారు మధ్యలో మెల్లమెల్లగా వంపు పెరిగే పట్టా వేస్తారు. అది మూడో మెట్టు. కారు తలుపు మీద ట్యూబులైటు నీడ చూస్తే ఇది కంటికే కనిపిస్తుంది. రెండో మెట్టులో ఆగిన చోట నీడ చటుక్కున విరుగుతుంది. మూడో మెట్టులో సాఫీగా జారుతుంది. అందుకే డిజైనర్లు తెర మీద ఆకారానికి జీబ్రా చారలు వేసి తిప్పి తిప్పి చూస్తారు.

మూలను నింపే పద్ధతికి ఫిల్లెట్ అని పేరు. రెండు ముఖాల మధ్య మూలలో ఒక గోళీకాయను, రెంటినీ తాకుతూ దొర్లించారనుకోండి. దాని కింద మిగిలిన సందును మక్కుతో నింపితే అదే ఫిల్లెట్. గోళీ పెద్దదైతే వంపు పెద్దది. చెప్పడానికి ఇంతే. కాని మూడు అంచులు ఒకచోట కలిసినా, గోళీ పట్టనంత ఇరుకు వచ్చినా సాఫ్ట్‌వేరు చేతులెత్తేస్తుంది. పిల్ల కూడా దాంతో తలపట్టుకోవడం నేను కళ్లారా చూశాను.

మట్టి ముద్ద తెర మీదికి వచ్చింది

ఇక నొక్కుతూ లాగుతూ చెక్కే పద్ధతి ఇంకో దారిన వచ్చింది. 1978లో ఎడ్విన్ క్యాట్‌మల్, జిమ్ క్లార్క్ ఒక వ్యాసం, డేనియల్ డూ, మాల్కమ్ సాబిన్ ఇంకో వ్యాసం రాశారు. మొరటు పెట్టెలాంటి పంజరం ఒకటి పెట్టుకుని, దాని మూలలను నియమం ప్రకారం తరుగుతూ పోతే చివరికి నునుపైన ఆకారం వస్తుందని వారు చూపారు. వడ్రంగి దిమ్మను చిత్రిక పట్టినట్టే. బొమ్మల సినిమాల వారికి ఇది వరమయింది. పిక్సార్ సంస్థ 1997లో తీసిన గెరీస్ గేమ్ అనే చిన్న సినిమాలో చదరంగం ఆడే ముసలాయన ముఖం ఈ పద్ధతిలో చేసిందే. దానికి ఆస్కార్ కూడా వచ్చింది.

ఇంజనీర్లు మాత్రం వెంటనే ఒప్పుకోలేదు. పంజరంలో నాలుగు గీతలు కలవాల్సిన చోట మూడో, అయిదో కలిస్తే, నక్షత్రంలాంటి ఆ బిందువు దగ్గర వంపు తీరు అంత శుభ్రంగా రాదు. పైగా అది వారి నర్బ్స్ ఫారంలో నేరుగా ఇమడదు. నర్బ్స్‌తో చెక్కుదామా అంటే దానికో ఇబ్బంది. అది అడ్డం నిలువు గీతల రిజిస్టరు వంటిది. ఒక గడిలో అదనంగా రాయాలంటే, ఆ వరుస పేజీ ఈ చివరి నుంచి ఆ చివరి దాకా గీయాల్సిందే.

అమెరికాలో యూటా రాష్ట్రంలోని బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు థామస్ సెడర్‌బర్గ్, ఆయన సహచరులు 2003లో టి-స్ప్లైన్ అనే పద్ధతి ప్రకటించారు. అందులో గీత కావలసినంత మేరకే వెళ్లి, టి అక్షరంలా మధ్యలో ఆగవచ్చు. చెక్కే స్వేచ్ఛ ఉంటుంది, ఇంజనీర్ల ఫారంలోకి మార్చుకునే వీలూ ఉంటుంది. 2011లో ఆటోడెస్క్ కంపెనీ ఆ సాంకేతికతను కొనుక్కుంది. మా మనుమరాలు వాడే ఫ్యూజన్ అనే సాఫ్ట్‌వేరులో మట్టి ముద్దలా నొక్కే భాగం దాని మీద వచ్చిందే. ఓడల హాలులోని చెక్కబద్ద, కార్ల కంపెనీలోని చుక్కలు, కేంబ్రిడ్జి గ్రామ పటం, సినిమా వారి పంజరం, అన్నీ ఒకచోట కలిస్తే నా చేతికర్ర పిడి అయింది.

రెండో పిడి

ఈసారి అమ్మాయి తొందరపడలేదు. చెక్కిన ఆకారం కింది చివరను గొట్టం కొలతకు సరిగ్గా సరిపోయే గుండ్రటి కడియంగా ముగించింది. ఆ కడియం పైన రెండు వరుసలను గొట్టం దిశలోనే నిటారుగా ఉంచి, ఆ పైననే బొటనవేలి వంపు మొదలుపెట్టింది. నక్షత్ర బిందువులను అతుకుకు దూరంగా, అరచెయ్యి తగిలే వెడల్పు భాగంలోకి జరిపింది. ఆ తర్వాతే దాన్ని ఘనరూపంగా మార్చి, బొడిపెతో కలిపింది. మిగిలిన మూలకు 6 మిల్లీమీటర్ల గోళీ దొర్లించింది. జీబ్రా చారలు వేసి నాకు కూడా చూపించింది. చారలు ఎక్కడా విరగలేదు.

గొప్పంతా అతుకుదే అనను. మొదటిది ప్రింటరు మీద నిలబెట్టి అచ్చు వేశారు. పొరలన్నీ మెడకు అడ్డంగా పడి, అక్కడ అరటిబోదె పొరల్లా విడిపోయే వీలుంది. రెండోదాన్ని పడుకోబెట్టి వేశారు. రెండు దిద్దుబాట్లూ కలిస్తేనే బాగుపడింది. పిడి వచ్చి పదకొండు నెలలయింది. ట్రెజరీ మెట్లు మళ్లీ ఎక్కి దిగాను.

ఫైలులో మిగిలిపోయిన పేరు

ఇప్పుడు ఆ ఇద్దరు ఫ్రెంచివారి సంగతి. 1970ల చివర వుల్ఫ్‌గాంగ్ బోమ్ అనే జర్మన్ ఆచార్యుడికి సిట్రోయెన్ పాత నివేదికల సంగతి తెలిసింది. ఆ చుక్కల లెక్కకు కాస్తెల్‌జో పద్ధతి అని పేరు పెట్టాడు. మొదట చేసింది ఎవరో అప్పుడు లోకానికి తెలిసింది. బెజియే పెద్దమనిషి. తనకంటే ముందు సిట్రోయెన్‌లో కాస్తెల్‌జో ఈ పని చేశాడని తానే ఒప్పుకుని రాశాడు. 1999లో కన్నుమూశాడు. ఈ రంగంలో పనిచేసిన వారికి బెజియే పేరుతోనే ఒక పురస్కారం ఏర్పాటయింది. 2012లో ఆ బెజియే పురస్కారాన్ని పాల్ ద కాస్తెల్‌జోకు ఇచ్చారు. పని చేసిన 53 ఏళ్లకు, పోటీ కంపెనీ మనిషి పేరున్న పురస్కారం. అప్పటికి ఆయన వయసు మన సంఘంలో చాలామంది వయసు కంటే ఎక్కువ. 2022 మార్చిలో ఆయనా పోయాడు.

ఇది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. 1980లలో ఒక ఆఫీసులో పాత ఇనాం ఫైళ్లన్నిటికీ ఊరి పేరుతో, సర్వే నంబరుతో వెతికేలా రెండేళ్లు కూర్చుని ఒక సూచిక రిజిస్టరు రాశాను. రెండు రోజులు పట్టే నకలు పది నిమిషాల్లో దొరికేది. పై అధికారి ఒకరు దాన్ని తన పద్ధతిగా చెప్పుకున్నారు, ప్రశంసాపత్రం ఆయనకు వచ్చింది. చాలా ఏళ్లు కడుపులో పెట్టుకుని బాధపడ్డాను. ఇప్పుడు ఆ బాధ లేదని అంటే అబద్ధం అవుతుంది. కానీ కోపం పోయింది. రిజిస్టరు పనిచేసింది, రైతుకు నకలు దొరికింది. అది ఎవరూ తీసేయలేరు.

మా మనుమరాలికి ఈ కథంతా చెప్పాను. "ఆ బటన్ వెనక ఇంతమంది ఉన్నారా తాతయ్యా" అంది. తన ప్రాజెక్టు రిపోర్టులో పద్ధతి గురించి రాసే చోట కాస్తెల్‌జో పేరు కూడా రాసింది. నాకు చూపించి, పేరు సరిగా పలికానా అని అడిగింది.

సభ్యులకు నాదొక విజ్ఞప్తి. మనలో ప్రతి ఒక్కరూ ఏదో ఒక రిజిస్టరు, ఏదో ఒక పద్ధతి, ఏదో ఒక చిన్న సదుపాయం కనిపెట్టి వదిలి వచ్చినవాళ్లమే. నా రిజిస్టరు ఇప్పుడు ఏ బీరువాలో ఉందో నాకే తెలియదు. మీరు చేసింది ఏమిటో, ఏ సంవత్సరంలో, ఏ ఆఫీసులో, ఏ అవసరం కొద్దీ చేశారో రెండు పేజీలు రాసి సంఘానికి పంపండి. నా పేజీలు ఇదివరకే కార్యదర్శి గారికి అందజేశాను.